మినియేచర్ మీద బంగారం: నీడ నుంచి మెరుపు దాకా

మినియేచర్ అంటే బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో వాడే చిన్న బొమ్మ. బంగారు రంగు డబ్బా కొని, అలాంటి బొమ్మ కవచమంతా పూసి, ఆరాక చూస్తే అది పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్కగానే మిగులుతుంది. చాలామంది తప్పు డబ్బాదే అనుకుని ఇంకో కంపెనీది తెప్పిస్తారు. అదీ అంతే. లోటు నిజానికి నీడలో ఉంటుంది. చీకటి పడాల్సిన చోట చీకటి లేకపోతే ఎంత ఖరీదైన గోల్డైనా మెరిసినట్టు కనిపించదు. అందుకే ఈ పద్ధతిలో సగం పని వేసిన బంగారాన్ని చంపడమే. మిగతా సగం, దాన్ని కొద్ది చోట్ల మళ్లీ బతికించడం.

ఉదాహరణకి ఇలాంటి ఆటలూ బొమ్మలూ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ వాళ్ల స్టార్మ్‌కాస్ట్ ఎటర్నల్స్ బొమ్మ ఒకటి తీసుకుందాం. 2015లో ఏజ్ ఆఫ్ సిగ్మార్ ఆటతో పాటే వచ్చిన సైన్యం ఇది. అందులో హామర్స్ ఆఫ్ సిగ్మార్ దళానికి ఒళ్లంతా బంగారు కవచం, డాలు మీదా భుజాల మీదా నీలం. కవచంలో పెద్ద పెద్ద నున్నటి పలకలు ఉంటాయి కాబట్టి బంగారం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. అదే కారణంగా, చేతకాకపోతే దాచుకోవడానికి చోటూ ఉండదు. అదే కంపెనీ ఆట వార్‌హామర్ 40,000లోని బంగారు కవచాల సైన్యం అడెప్టస్ కస్టోడీస్‌కైనా, చారిత్రక బొమ్మల శిరస్త్రాణాలకైనా ఇదే దారి.

ఇది మెటాలిక్ రంగులతో, అంటే మెరిసే రేకుల పొడి కలిసిన రంగులతో చేసే పని. అసలు మెటాలిక్ ముట్టుకోకుండా మామూలు పసుపు, గోధుమ, తెలుపు రంగులతోనే లోహపు మెరుపుని చిత్రించే పద్ధతి ఇంకోటుంది, దాన్ని ఎన్‌ఎమ్‌ఎమ్ (నాన్-మెటాలిక్ మెటల్) అంటారు. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. కానీ ఆటబల్ల మీద బొమ్మని తిప్పితే, గీసిన మెరుపు గీసిన చోటే ఉండిపోతుంది. షెల్ఫులో ఒకే వైపు చూపించే బొమ్మకైతే సరే, చేతిలోకి తీసుకుని ఆడే బొమ్మకి మాత్రం నా ఓటు మెటాలిక్‌కే.

ముందు అసలు బంగారాన్ని చూడండి

ఇంట్లో నగ ఏదైనా ఉంటే తీసి కిటికీ పక్కన పెట్టుకోండి. నక్షీ పని చేసిన హారమైతే మరీ మంచిది. బాగా మెరిసే చోటు దాదాపు తెల్లగా, ఆవగింజంత ఉంటుంది. దాని చుట్టూ పసుపు. పువ్వుల సందుల్లోకి, మడతల్లోకి చూస్తే ఎర్రటి గోధుమ, ఇంకా లోపల దాదాపు నలుపు. మనం 'బంగారు రంగు' అనుకునేది ఆ మధ్య పట్టీ ఒక్కటే.

మడతలు ఎర్రబడటానికి కారణం ఉంది. బంగారం తన మీద పడ్డ వెలుగులో నీలాన్ని చాలావరకు మింగేసి పసుపు, ఎరుపుల్ని తిప్పి పంపుతుంది. మడతలో వెలుగు ఒక గోడ నుంచి ఇంకో గోడకి తగిలి తగిలి బయటికొస్తుంది. తగిలిన ప్రతిసారీ నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ ఇంకొంచెం తగ్గి చివరికి ఎరుపు కలిసిన నారింజే మిగులుతుంది. అందుకే బంగారం నీడ బూడిద రంగులో ఉండదు. నక్షీ నగల లోతుల్లో ఎర్రటి గేరు పాలిష్ పట్టించే కంసాలి చేసేది కూడా ఈ నీడని పెంచడమే. నగల షాపులో కొత్త నగని గులాబీ కాగితంలో పెట్టి ఇస్తారు చూడండి, ఆ గులాబీ ఛాయ పడి బంగారం ఇంకాస్త వెచ్చగా కనిపిస్తుంది.

రంగు ఎంచుకునేటప్పుడు కూడా నగల లెక్క పనికొస్తుంది. 916 అంటే 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. రాగి పాలు పెరిగితే ఎరుపు తిరుగుతుంది, వెండి పెరిగితే పాలిపోతుంది. రంగు డబ్బాల్లోనూ ఈ తేడాలే ఉంటాయి. మొదటి పూతకి ఎరుపు వైపు మొగ్గే గోల్డ్ తీసుకోండి. గేమ్స్ వర్క్‌షాప్ రంగుల బ్రాండ్ సిటడెల్ వాళ్ల రెట్రిబ్యూటర్ ఆర్మర్ అలాంటిదే. లేత గోల్డులు, అంటే లిబరేటర్ గోల్డ్, స్కేల్75 వాళ్ల ఎల్వెన్ గోల్డ్ వంటివి, పైన హైలైట్లకి, అంటే వెలుగు పట్టే చోట్లకి. లేతదానితో మొదలుపెడితే పైకి వెళ్లడానికి మెట్లే మిగలవు.

బల్ల మీద ఏమేం ఉండాలి

మొదటి పూతకి ఒక వెచ్చటి గోల్డ్, ఒక మెరిసే వెండి (స్టార్మ్‌హోస్ట్ సిల్వర్ లేదా వల్లేహో మెటల్ కలర్‌లో ఏదైనా సిల్వర్), బాగా ముదురు గోధుమ (రైనాక్స్ హైడ్), వాష్‌లు, అంటే సందుల్లోకి దిగి నీడ ఇచ్చే పల్చటి రంగులు, రెండు: రీక్‌లాండ్ ఫ్లెష్‌షేడ్, ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్. కుదిరితే డ్రూచీ వయొలెట్ కూడా. పల్చన చేయడానికి లామియన్ మీడియం గానీ, వల్లేహో గ్లేజ్ మీడియం గానీ. బ్రష్‌లు 2, 1, 0 సైజుల్లో సింథటిక్‌వి. ఖరీదైన సేబుల్ (జంతువు వెంట్రుకల) బ్రష్‌ని మెటాలిక్‌లో ముంచకండి, వెంట్రుకల మొదట్లో రేకుల పొడి దిగబడి మొన విచ్చుకుపోతుంది.

నీళ్ల గ్లాసులు రెండు పెట్టుకోండి. మెటాలిక్ కడిగిన నీళ్లలో ఇంకో బ్రష్ ముంచితే నీలం డాలు మీద కూడా తళుకులు తేలతాయి. రంగు ఆరకుండా అడుగున తడి ఉంచే వెట్ పాలెట్ ఇక్కడ అంతగా పనికిరాదు, దాని మీద మెటాలిక్ విడిపోయి నీరుగారుతుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పింగాణీ టైల్ ముక్క చాలు.

క్రాఫ్ట్ షాపుల్లో బట్టల మీద వేయడానికి అమ్మే మెటాలిక్ రంగులు చవకే. కానీ వాటిలో రేకులు ముతకగా ఉంటాయి, బొటనవేలంత బొమ్మ మీద ఇసుక చల్లినట్టు తేలతాయి. బేస్ మీద రాళ్లకో, ఆటలోని పెద్ద గుడి కట్టడాలకో వాడుకోండి. మరో కొసలో వల్లేహో లిక్విడ్ గోల్డ్ ఉంది. మెరుపులో దానికి సాటి తక్కువే. అది ఆల్కహాల్ రంగు. నీళ్లు తగలకూడదు, పల్చన చేయాలన్నా బ్రష్ కడగాలన్నా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, కిటికీ తెరిచి పెట్టుకోవాలి, దీపం దగ్గర పెట్టకూడదు. ముందు నీళ్లతో కడిగే మామూలు మెటాలిక్ రంగులతో చెయ్యి కుదురుకోనివ్వండి.

1. గీతలు తీసి నున్నగా చేయడం

బొమ్మ అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నటి గీతలు మిగులుతాయి. మామూలు రంగు కింద దాగిపోయే ఈ అచ్చు గీతలు మెటాలిక్ కింద దాగవు. వెలుగు ఆ గీత మీదే పట్టుకుంటుంది. హాబీ కత్తి వీపుతో గీకి, 600 నంబరు, తర్వాత 1000 నంబరు సాండ్‌పేపర్‌తో తడి చేసి రుద్దండి. ముంజేతి పలకలు, మోకాలి కింద పలకలు, సుత్తి కాడ ముఖ్యంగా చూడాలి. గోరుతో నిమిరితే ఏమీ తగలకూడదు.

2. ప్రైమర్, దాని మీద గోధుమ

నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే స్ప్రే పూత) పల్చగా కొట్టండి, బొమ్మకి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒక్కొక్క ఊపుకి మధ్య విరామం ఇస్తూ. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే కొడితే పైన తెల్లటి పొడి తేలి గరుకు అవుతుంది. మండుటెండలో కొడితే చుక్కలు దారిలోనే ఆరి అదే గరుకు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే కొట్టుకోవడం నయం. గరుకు ప్రైమర్ మీద మంచి బంగారం రాదు, తర్వాత ఎన్ని పూతలు వేసినా.

ప్రైమర్ ఆరాక, ఒక టేబుల్ ల్యాంపుని బొమ్మకి సరిగ్గా పైన పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అన్నది అందులో ఉంటుంది. చివరిదాకా దాన్నే చూస్తూ పని చేయాలి.

తర్వాత కవచం మొత్తానికి రైనాక్స్ హైడ్ ఒక పూత. మెటాలిక్ రంగులు కింది రంగుని పూర్తిగా కప్పవు. కింద ముదురు గోధుమ ఉంటే, ఎక్కడైనా పూత పల్చబడినా అది నీడలా కలిసిపోతుంది. కింద తెలుపుంటే అదే చోటు అతుకులా కనిపిస్తుంది.

3. మొదటి బంగారం

డబ్బాని ఒక నిమిషం పాటు బాగా ఊపండి. మెటాలిక్ రంగంటే పారదర్శకమైన ద్రవంలో తేలే సన్నటి రేకుల పొడి, మైకావో అల్యూమినియంవో. అవి అడుక్కి చేరితే పైన మిగిలేది పసుపు నీళ్లే. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ గోళీ ఒకటి వేసి ఉంచితే పని తేలిక.

ఆ రేకులు ఉపరితలం మీద పడుకుంటే అద్దంలా మెరుస్తాయి, అడ్డదిడ్డంగా నిలబడితే గరుగ్గా కనిపిస్తాయి. మెటాలిక్ గురించి చెప్పే నియమాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. నీళ్లు ఎక్కువ పోస్తే రేకులు గుంపులుగా విడిపోతాయి, అందుకని నీళ్లకి బదులు మీడియం వాడండి, రెండు పాళ్లు రంగుకి ఒక పాలు. టైల్ మీద చిక్కటి మజ్జిగలా జారాలి. బ్రష్‌ని ఒకే వైపు లాగండి. సగం ఆరిన చోటికి మళ్లీ వెళ్లొద్దు, పడుకున్న రేకులు లేచిపోతాయి. ఒక పూత పూర్తిగా ఆరాక రెండోది. రెండు పల్చటి పూతలు చాలు, అక్కడక్కడా గోధుమ తొంగి చూస్తున్నా పట్టించుకోకండి.

4. నీడ

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

ముందు రీక్‌లాండ్ ఫ్లెష్‌షేడ్. ఒక్కో పలకకీ విడివిడిగా వేయండి, బొమ్మంతా ఒకేసారి ముంచెత్తొద్దు. పలక నడుమ నుంచి అంచు సందులోకి తోస్తూ వెళ్లాలి. నడుమ చుక్క నిలిచిపోతే, ఆరేలోపే తడి బ్రష్‌తో పీల్చేయండి. ఆరనిస్తే అంచు కట్టిన మరక తేలుతుంది, దాన్ని తీయాలంటే మళ్లీ గోల్డ్ పూయడం ఒక్కటే మార్గం. అరగంట వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలే, దూరం నుంచి.

రెండోది ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్. దీన్ని అంతటా వేయకూడదు. చంకల కింద, బెల్టు కింద, తొడల లోపలి వైపు, ఒక్కో పలకలో కింది మూడో వంతు. ఫొటోలో నల్లగా ఉన్న చోటల్లా.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఆపితే బంగారం 'బాగానే ఉంది' అనిపిస్తుంది, నమ్మబుద్ధి మాత్రం కాదు. ఎందుకంటే వాష్ కింద రేకులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. బొమ్మని కొంచెం తిప్పితే చంక కింద కూడా తళుక్కుమంటుంది. నీడలో ఆ తళుకుని పూర్తిగా ఆర్పాలి, దానికి మెరుపు లేని మామూలు రంగు కావాలి. రైనాక్స్ హైడ్ ఒక పాలు, మీడియం ఐదారు పాళ్లు కలపండి. ఇలా బాగా పల్చన చేసి వేసే పూతనే గ్లేజ్ అంటారు. బ్రష్ నింపాక టిష్యూ మీద ఒకసారి ఒత్తి తడి తగ్గించండి. వెలుగు వైపు నుంచి నీడ వైపు లాగండి. బ్రష్ ఎక్కడ ఎత్తుతారో రంగు అక్కడే ఎక్కువ దిగుతుంది కాబట్టి, గీత చివర ఎప్పుడూ చీకట్లోనే ఉండాలి. మొదటి పూత వేశాక ఏమీ మారినట్టు ఉండదు. ఆరనిచ్చి మూడు నాలుగు సార్లు వేయండి, ప్రతిసారీ కాస్త చిన్న మేరకి.

మోకాలి కింద పలకని దగ్గరగా చూద్దాం. అది దాదాపు గొట్టం. గొట్టం మీద మెరుపు నిలువు పట్టీగా పడుతుంది, సరిగ్గా నడుమ కాదు, కొంచెం ఒక పక్కకి. పట్టీకి రెండు వైపులా బంగారం క్రమంగా గోధుమలోకి దిగాలి. వెనక అంచుకి సన్నటి గీత వెడల్పున మళ్లీ కొంచెం వెలుగు వదిలేయండి, నేల నుంచి తిరిగొచ్చే వెలుగు అది. కిందికి, పాదం దగ్గరికి వచ్చేసరికి మొత్తం ముదరాలి. భుజం పలకలాంటి గుండ్రటి వాటి మీద పట్టీ ఉండదు, పైన ఒక చుక్క, చుట్టూ వలయంగా నీడ. సుత్తి ముఖంలాంటి చదును చోట్ల ఒక మూల వెలుగు, ఎదురు మూల చీకటి.

పలకలు కలిసే సందుల్లో చివరిగా రైనాక్స్ హైడ్‌లో చుక్క డ్రూచీ వయొలెట్ కలిపి 0 బ్రష్‌తో సన్నటి గీత. నలుపు వద్దు, బంగారం పక్కన నలుపు మసిలా కనిపిస్తుంది. ఊదా ఛాయ మాత్రం పసుపుకి ఎదురు రంగు కాబట్టి పక్కనున్న బంగారాన్ని పైకి తోస్తుంది.

ఇప్పుడు బొమ్మ మురికిగా, ఏదో పాత ఇత్తడి సామానుగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు.

5. మెరుపు

మొదటి గోల్డ్‌నే మళ్లీ తీసుకుని పలకల పై సగంలో, నీడ అంచుకి రానివ్వకుండా వేయండి. తర్వాత గోల్డ్ రెండు పాళ్లు, వెండి ఒక పాలు కలిపి అందులో సగం మేరకి. ఆ తర్వాత సమపాళ్లు, మళ్లీ అందులో సగానికి. మెట్టు మెట్టుకీ మేర సగానికి తగ్గాలి, అది మరిచిపోతే పలకంతా ఒకే లేత రంగులోకి వెళ్లిపోతుంది.

వెండి కలిపిన కొద్దీ బంగారం పాలిపోయి బూడిద తిరుగుతుంది. అప్పుడు పసుపు-నారింజ ఇంకు ఒక చుక్క, మీడియం పది చుక్కలు కలిపి హైలైట్ల మీద పల్చటి గ్లేజ్ ఇవ్వండి. వెచ్చదనం తిరిగొస్తుంది. ఈ గ్లేజ్‌ని చాలామంది దాటేస్తారు, పాలిపోయిన బంగారానికి సగం కారణం అదే.

అంచుల హైలైట్‌కి బ్రష్ మొన కాకుండా పక్క భాగం వాడండి, పలక అంచు వెంట అడ్డంగా నడిపితే గీత దానంతటదే సన్నగా పడుతుంది. పైకి చూసే అంచులకి సమపాళ్ల మిశ్రమం, కిందికి చూసే అంచులకి మొదటి గోల్డ్. అన్ని అంచులకీ ఒకే రంగు ఇస్తే బొమ్మ చుట్టూ గీత గీసినట్టుంటుంది.

చివరిగా గ్లేజ్ ఆరాక స్వచ్ఛమైన వెండి, గ్లేజ్ లేకుండా. ముఖకవచం నుదుటి మీద చుక్క, ముక్కు మొన మీద ఇంకోటి, భుజం పలకల పైన, మోకాలి కొన మీద, సుత్తి మూలల్లో. అంతే. బొమ్మ మొత్తం మీద పది పన్నెండు చుక్కలు దాటొద్దు. నగలో చూసిన ఆ ఆవగింజంత తెల్లటి మెరుపు ఇదే.

పక్కనున్న రంగులు

నీలం భుజాలు, డాలు మెరుపు లేకుండా మ్యాట్‌గా వేయండి. బంగారంలోని నారింజ ఛాయకి నీలం ఎదురు రంగు. ఎదురెదురు రంగులు పక్కపక్కన పడితే రెండూ పదునెక్కుతాయి, పైగా ఒకటి మ్యాట్, ఒకటి మెరుపు అయితే బంగారం లోహమని కన్ను వెంటనే ఒప్పుకుంటుంది. డాలు పక్కనున్న బంగారంలో నీలం ప్రతిబింబం చూపించాలని కొందరు ముచ్చటపడి నిండు నీలం పూస్తారు. బంగారం నీలాన్ని మింగేస్తుందని పైన అనుకున్నాం కదా, నిజంలో అక్కడ కనిపించేది మసక ముదురే. డ్రూచీ వయొలెట్ పల్చగా ఒక చేయి చాలు. ఎర్రటి బట్ట పక్కనైతే పని తేలిక, ఎరుపు బంగారంలో బాగా పట్టుకుంటుంది.

పాతదనం కావాలనుకుంటే ఒక్క మాట. బంగారానికి చిలుము పట్టదు. నిహిలాఖ్ ఆక్సైడ్ లాంటి ఆకుపచ్చ-నీలం రంగు సందుల్లో పోస్తే అది బంగారం కాదు, కంచో ఇత్తడో అయిపోతుంది. యుద్ధం చూసిన బంగారానికి గీతలు, దుమ్ము, మట్టి ఉండొచ్చు. పూత బంగారమని చూపించాలంటే అంచుల్లో అక్కడక్కడా పూత లేచి కింద రాగి కనిపించేలా చేయండి. తిరుమల ఆనంద నిలయ విమానం మీద ఉన్నది కూడా బంగారు పూత పోసిన రాగి రేకులే. చిన్న స్పాంజి ముక్కతో రాగి మెటాలిక్‌ని తట్టి, దాని కింది అంచుకి సన్నటి ముదురు గోధుమ గీత ఇస్తే పూత లేచినట్టే కనిపిస్తుంది.

దళం మొత్తానికి

ఇదంతా నాయకుడి బొమ్మకి. ఐదుగురి దళానికి ఇంత చేస్తే ఆట మొదలయ్యేలోపు ఓపిక అయిపోతుంది. వాళ్లకి రెట్రిబ్యూటర్ ఆర్మర్ స్ప్రే కొట్టి, రీక్‌లాండ్ అంతటా వేసి, కింది భాగాల్లో ఆగ్రాక్స్, పైకి చూసే అంచులకి లిబరేటర్ గోల్డ్, ముఖకవచం మీద వెండి చుక్క. రైనాక్స్ హైడ్ గ్లేజ్ మాత్రం చంకల్లో, కాళ్ల మధ్య ఒక్కసారైనా వేయండి. మూడడుగుల దూరం నుంచి తేడా చూపేది అదే.

6. వార్నిష్

రంగుని కాపాడేందుకు చివర వేసే పారదర్శక పూత వార్నిష్. అందులో మెరుపు లేని మ్యాట్ వార్నిష్ స్ప్రే ఒక్క ఊపు చాలు, ఇప్పటిదాకా చేసిందంతా మసకబారడానికి. మ్యాట్ పూత వెలుగుని చెదరగొడుతుంది, రేకుల అద్దం పోతుంది. బొమ్మ మొత్తానికి ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ గానీ సాటిన్ (సగం మెరిసే) వార్నిష్ గానీ కొట్టండి, ఒక రోజు ఆరనివ్వండి. ఆ తర్వాత బట్టలకి, తోలుకి, నీలం పలకలకి బ్రష్‌తో మ్యాట్ వార్నిష్ వేయండి. అదే బ్రష్‌తో బంగారం లోతైన నీడల్లో కూడా పల్చగా వేయొచ్చు, అక్కడ చచ్చిన మెరుపు గ్లాసీ పూత వల్ల మళ్లీ లేచి ఉంటుంది కాబట్టి వేయాలి కూడా.

ఆటలో చేతులు తగిలి మొదట అరిగేవి భుజం పలకల పై అంచులు, సుత్తి మూలలు. సమపాళ్ల మిశ్రమం కొంచెం ఎక్కువ కలిపి, చిన్న డ్రాపర్ సీసాలో పోసి, మూత మీద ఏ గోల్డ్, ఏ వెండి, ఎన్ని పాళ్లు అని రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత సరిదిద్దాల్సి వస్తే ఆ అంచు పక్కనున్న దానితో కలిసిపోతుంది.